టేబుల్ రంపానికి గార్డు ఎట్ట బిగించాలి, వెనకుండే రెక్క సంగతేంది

మా పెదనాయన షాపులో గోడకి ఒక మేకు ఉంది. నాలుగేళ్ళు ఆ మేకుకే టేబుల్ రంపం గార్డు వేలాడతా ఉండింది, పైన రంపపు పొట్టు మందంగా పేరుకుపోయి, లోపల మూలన కందిరీగ మట్టిగూడు కూడా కట్టేసింది. నెల్లూరులో మూలాపేట నుంచి స్టోన్‌హౌస్‌పేట దాకా ఏ కార్పెంటర్ షాపుకి పోయినా, కావలి పోయినా ఒంగోలు పోయినా దాదాపు ఇదే కథ, మిషను మధ్యలో బ్లేడు ఒంటరిగా నిలబడి ఉంటాది, గార్డు మాత్రం గోడ మీదో అటక మీదో ఉంటాది. ఎందుకు తీసేశారన్నా అని అడిగితే అందరిదీ ఒకటే మాట, "అడ్డం వస్తాది."

ఆ మాట అబద్ధం కాదు. నిజంగానే అడ్డం వస్తాది, కానీ ఎందుకొస్తాదో చూడకుండా పీకి పడేస్తుండాం, అక్కడే దెబ్బ తింటుండాం. పెదనాయనకి జరిగింది చెప్తే అర్థమైపోతాది.

ఆయన మిషను కొన్నప్పుడు దాంతో వచ్చిన బ్లేడు 10 ఇంచీలది, దాని కోత, అంటే చెక్కలో అది చేసే గాడి వెడల్పు, 3.2 మిల్లీమీటర్లు, బ్లేడు వెనక ఆ గాడిలో నిలబడే ఉక్కు రెక్క మందం 2.8. బాగానే నడిచింది. తర్వాత బ్లేడు మొద్దుబారితే కొత్తది తెచ్చుకున్నాడు, అంగడాయన "సన్న కోత అన్నా, మోటరు మీద లోడు పడదు, చెక్క వేస్టు కాదు" అని ఇచ్చాడు, అది కూడా నిజమే, కానీ దాని కోత 2.6 మిల్లీమీటర్లే. 2.6 గాడిలోకి 2.8 రెక్క ఎట్ట దూరతాది? పలక జానెడు దూరం కోసుకుంటా పోయి టక్కున రెక్కకి తగిలి నిలబడిపోయేది. ఆయన గట్టిగా తోసేవాడు, ఇంకా గట్టిగా తోసేవాడు, చివరికి విసుగొచ్చి గార్డూ రెక్కా మొత్తం విప్పి ఆ మేకుకి తగిలించాడు. ఎవురూ ఆయనకి బ్లేడు మారిస్తే రెక్క కూడా కొలత చూసుకోవాలని చెప్పలా. ఒక వానాకాలం పచ్చి వేప పలక చీలుస్తా ఉంటే కోత మూసుకుపోయి బ్లేడుని పట్టేసింది, పలక ఎగిరొచ్చి ఆయన తుంటి మీద కొట్టింది, దాంతోపాటే ఎడం చెయ్యి బ్లేడు మీదకి పోయింది. చూపుడు వేలు మొదటి కణుపు దాకా పోయింది.

అందుకే ఈ విషయం వివరంగా రాస్తుండా.

ముందు ఆ ఎగిరి కొట్టడం ఏందో చూద్దాం, ఎందుకంటే చాలామంది గార్డు అంటే బ్లేడు పైన ఉండే ప్లాస్టిక్ మూత మాత్రమే అనుకుంటారు. మీరు మిషను ముందు నిలబడితే బ్లేడు పైభాగం మీ వైపుకి తిరగతా ఉంటాది. మీ వైపు ఉన్న పళ్ళు పైనుంచి కిందికి దిగతా చెక్కని టేబుల్ కేసి నొక్కతాయి, అది మంచిదే. కానీ బ్లేడు వెనక వైపు పళ్ళు టేబుల్ కిందనుంచి పైకి లేస్తా ఉంటాయి. కోసిన చెక్క కొంచెం పక్కకి జరిగి ఆ వెనక పళ్ళకి తగిలిందనుకోండి, అవి దాన్ని పైకి లేపి మీ మీదకే విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. 10 ఇంచీల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పంటి వేగం సెకనుకి దాదాపు 53 మీటర్లు, గంటకి 190 కిలోమీటర్లు, అంటే నెల్లూరు నుంచి చెన్నైకి గంట లోపల పోయేంత. ఆ వేగంతో పలక వస్తే కళ్ళు మూసి తెరిచేలోపు అంతా అయిపోతాది, "నేను జాగ్రత్తగా ఉంటాలే" అనే మాటకి అక్కడ టైమే లేదు. ఇంకోటి, మీ చెయ్యి ఆ పలకని తోస్తా ఉంటాది కదా, పలక ఒక్కసారిగా లేకుండా పోయేసరికి చెయ్యి అదే ఊపుతో బ్లేడు మీద పడతాది. ఇట్ట కూడా వేళ్ళు పోతాయి.

చెక్క పక్కకి జరగడానికి కారణాలు రెండు మూడు ఉండాయి. గైడు, అంటే చెక్కని ఆనించి తోసే పక్క పట్టీ, బ్లేడుకి సమానంగా లేకుండా వెనక వైపు బ్లేడు కేసి ముడుచుకుని ఉంటే అది పలకని వెనక పళ్ళ మీదకి నెడతాది. పలక వంకరపోయి ఉంటే టేబుల్ మీద ఊగతాది. మన వైపు ముఖ్యంగా చెక్క లోపలుండే బిగువు. ప్రకాశం జిల్లాలో జామాయిల్ తోటలు ఎంత ఉండాయో తెలుసుగా, ఆ జామాయిల్ చెట్టు పెరిగేటప్పుడే మాను లోపల లాగుడు పెట్టుకుని ఉంటాది, చీల్చేసరికి రెండు ముక్కలూ విల్లులాగా వంగతాయి, ఒక్కోసారి బయటికి విచ్చుకుంటాయి, ఒక్కోసారి లోపలికి మూసుకుంటాయి. పచ్చి వేప, పచ్చి మామిడి కూడా అంతే. బయటికి విచ్చుకుంటే బాధ లేదు, లోపలికి మూసుకుంటేనే బ్లేడుని పట్టకారులాగా పట్టేస్తాది.

ఇప్పుడు వెనక రెక్క. ఇంగ్లీషులో రైవింగ్ నైఫ్ అంటారు, మా షాపులో రెక్క అనే అంటాం. బ్లేడు వెనకాలే, బ్లేడు వంపుకి తగ్గట్టు వంపుతో నిలబడి ఉండే ఉక్కు పలక అది. కోసిన గాడిలోకి అది దూరి రెండు ముక్కలూ మూసుకోకుండా ఆపతాది, దానికంటే ముఖ్యంగా ఆ వెనక పళ్ళకి చెక్క తగలకుండా అడ్డం నిలబడతాది. పైన మూత మీ వేళ్ళని, కళ్ళని కాపాడతాది. రెక్క పక్కనే పిల్లి గోళ్ళలాంటి పంజాలు కొన్ని మిషన్లకి ఉంటాయి, పాల్స్ అంటారు, చెక్క ముందుకు పోనిస్తాయి గానీ వెనక్కి రానీయవు. ఈ మూడింట్లో ఒకటే పెట్టుకోనిస్తాం అంటే నేను రెక్కే అడగతా. మూత లేకపోతే చేతిని నువ్వు కొంతవరకైనా చూసుకోగలవు, రెక్క లేకపోతే చెక్క లోపల ఏం జరగతా ఉందో చూసేదానికి నీకు కన్ను లేదు.

పాత మిషన్లకి రెక్క బదులు స్ప్లిట్టర్ ఉంటాది, అది టేబుల్ వెనక స్థిరంగా ఉంటాది, బ్లేడు పైకి కిందికి పోయినా అది కదలదు, బ్లేడు దించినప్పుడు మధ్యలో ఖాళీ పెరిగిపోతాది. రెక్క అయితే బ్లేడుతో పాటే లేస్తాది, దిగతాది, వాలతాది. కొత్తగా మిషను కొనేవాళ్ళు ఈ తేడా ఒక్కటి అడిగి చూసుకోండి.

బిగించే పని. మొదట ప్లగ్గు పీకండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, ప్లగ్గు పీకి ఆ వైరు చివర మీ కళ్ళ ముందు టేబుల్ మీద పెట్టుకోండి. మనకి కరెంటు ఎప్పుడు పోతాదో ఎప్పుడొస్తాదో తెలీదు, స్విచ్ ఆన్‌లో మర్చిపోయుంటే కరెంటు రాగానే బ్లేడు తనంతట తానే లేచి తిరగతాది. త్రీఫేజ్ మోటరుకి బోరు స్టార్టరు లాంటిది ఉంటే కరెంటు పోగానే అది ఆఫ్ అయిపోతాది, మళ్ళీ పచ్చ బటన్ నొక్కితేగానీ లేవదు, అదే మంచిది. పొలంలో మోటర్లకి ఆటో స్టార్టర్ పెడతాం కదా కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యేట్టు, దాన్ని మాత్రం రంపం మిషనుకి ఎప్పుడూ పెట్టకండి. సింగిల్ ఫేజ్ వాళ్ళకి కూడా నో వోల్ట్ స్విచ్ అని దొరకతాది, తక్కువ ఖర్చు, ముందు అది వేయించుకోండి.

తర్వాత బ్లేడు టేబుల్ గాడికి సమానంగా ఉందో లేదో చూడాలి, ఎందుకంటే బ్లేడే వంకరగా ఉంటే దాని వెనక రెక్కని సరి చేసి లాభం లేదు. అడ్డకోతకి చెక్కని ఆనించి తోసే మైటర్ గేజ్ పోయే గాడి ఉంటాది కదా టేబుల్ మీద, బ్లేడుని పూర్తిగా పైకెత్తి ఒక పంటికి మార్కర్‌తో చుక్క పెట్టండి. ఆ పన్ను ముందు వైపు ఉన్నప్పుడు గాడి అంచు నుంచి దానికి ఎంత దూరముందో కొలవండి, తర్వాత బ్లేడుని చేత్తో తిప్పి అదే పన్నుని వెనక్కి తెచ్చి మళ్ళీ కొలవండి. వేరే పన్నుని కొలిస్తే లెక్క తప్పతాది, బ్లేడే కొంచెం వంగి ఉండొచ్చు. రెండింటికీ తేడా 0.1 మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటే సరిపోతాది. గైడు కూడా ఇదే గాడికి సమానం చేసుకోండి, తేడా ఉంటే వెనక వైపు వెంట్రుకవాసి తెరుచుకుని ఉండొచ్చు గానీ ముడుచుకుని ఉండకూడదు.

ఇప్పుడు పెదనాయన చెయ్యని పని, కొలత. మందం కొలిచే వెర్నియర్ లేకపోతే పక్క లేత్ షాపులో అడిగి తెచ్చుకోండి, ఎవురూ కాదనరు. మూడు కొలతలు కావాల: పంటి వెడల్పు (అదే కోత), పళ్ళు కాకుండా మధ్యలో ఉండే బ్లేడు రేకు మందం, రెక్క మందం. రెక్క మందం రేకు కంటే ఎక్కువ ఉండాల, కోత కంటే తక్కువ ఉండాల. కోత 3.2, రేకు 2.2 అయితే రెక్క 2.5 నుంచి 2.8 మధ్య హాయిగా నడుస్తాది. కోత 2.6, రేకు 1.8 అయితే 2.2 రెక్క కావాల. రెక్క రేకు కంటే సన్నగా ఉంటే కోత మూసుకుని బ్లేడు ఒంటికి రాసుకుంటాది, అది ఉన్నా లేనట్టే. చాలా రెక్కల మీద ఈ నంబర్లు చెక్కి ఉంటాయి, పొట్టు తుడిచి వెలుతుర్లో చూడండి, పెదనాయన రెక్క మీద కూడా ఉండింది, ఆ దుమ్ము కింద ఇన్నాళ్ళూ 2.8 అని.

రెక్కని బిగించే బిగింపు టేబుల్ కింద, బ్లేడు చుట్టూ టేబుల్‌లో ఉండే పలక, త్రోట్ ప్లేట్, తీస్తే కనపడతాది. అక్కడ పొట్టు గడ్డకట్టి ఉంటాది, బ్రష్షు పెట్టి బాగా శుభ్రం చెయ్యండి, ఒక్క పొట్టు పలుకు మధ్యలో ఇరుక్కున్నా రెక్క పక్కకి వాలిపోతాది. రెక్కని లోపలికి దించి బోల్టు బిగించి చేత్తో పట్టుకుని ఊపి చూడండి, కదలకూడదు, స్ప్రింగ్ వాషరు లేకపోతే వెయ్యండి, ఈ మిషన్ల అదురుకి నట్లు తెలీకుండానే వదులవుతాయి.

తర్వాతది ఓపికతో చేసేది, నేను పెదనాయనతో కూర్చుని పొద్దున్నంతా ఇదే చేశా. ఒక తిన్నని ఉక్కు స్కేలు తీసుకుని బ్లేడు రేకుకి ఆనించాల, పళ్ళకి కాదు, రెండు పళ్ళ మధ్య సందులోంచి రేకు మీదే కూర్చోవాల, దాన్ని అట్టనే వెనక్కి రెక్క దాకా పోనివ్వాల. కుడివైపు చూడండి, ఎడమవైపు చూడండి. రెక్క రేకు కంటే మందం కాబట్టి స్కేలు దానికి కొంచెం తగలతాది, ఆ కొంచెం రెండు వైపులా ఒకేలా ఉంటే రెక్క సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. మాకు కుడివైపు ఎక్కువ తగిలింది, ఎడమవైపు అసలు తగలనే లేదు, అంటే రెక్క కుడికి జరిగి ఉంది. కూల్‌డ్రింక్ టిన్ను ఒకటి కత్తిరించి, దాని రేకు మందం 0.1 మిల్లీమీటరు ఉంటాది, ఆ ముక్కని బిగింపుకీ రెక్కకీ మధ్య కుడివైపు పెట్టి మళ్ళీ బిగించి చూశాం, చాల్లేదు, రెండోదీ మూడోదీ పెట్టాం, అప్పుడు రెండు వైపులా సమానమైంది. పెదనాయన స్కేలు కిందికి వంగి వెలుతురు చూసి, "రేయ్ అబ్బయ్యా, సందు రెండు పక్కలా ఒకటే కనపడతాంది రా" అన్నాడు, సగం పోయిన ఆ వేలితోనే చూపిస్తా. కొన్ని మిషన్లకి టిన్ను రేకు అవసరం లేదు, ఎలన్ కీ తిప్పే చిన్న స్క్రూలు ఇచ్చుంటారు దీనికోసమే. రెక్క నిలువుగా ఉందో లేదో మూలమట్టం పెట్టి చూసుకోండి, కింద మధ్యలో ఉండి పైన వాలిపోయినా చెక్క పట్టేస్తాది.

దూరం సంగతి. టేబుల్ మట్టం దగ్గర రెక్క అంచుకీ పళ్ళకీ మధ్య 3 నుంచి 8 మిల్లీమీటర్లు ఉండాల. 3 కంటే దగ్గరైతే అదురుకి పన్ను తగిలే ప్రమాదం, 8 కంటే దూరమైతే ఆ సందులోకే చెక్క మూసుకుంటాది. ఎత్తు, మూత తగిలించని రకం రెక్క అయితే బ్లేడు కొన కంటే ఒక పిసరు కిందుగా ఉండాల, మూతని మోసే రకం అయితే బ్లేడు కంటే పైకే ఉంటాది.

మూత పని తేలిక. రెక్క మీద కూర్చోబెట్టి పైకెత్తి వదిలితే దానంతట అదే కిందికి రావాల, ముందు భాగం చెక్క తగలగానే లేవాల, చెక్క మీద ఆని ఉండాల. పొట్టు పట్టి బిగుసుకుపోతే మన షాపుల్లో దాన్ని పైకి ఎత్తి ఒక ముక్క ఇరికించి వదిలేస్తారు, అట్ట చేస్తే అది గార్డు కాదు గొడుగు. పాల్స్‌కి పరీక్ష ఇంకా సులువు, ప్లగ్గు పీకే ఉండగా ఒక పలక ముక్కని వాటి కిందనుంచి ముందుకు తోసి వెనక్కి లాగండి, పళ్ళు చెక్కలోకి దిగి పట్టుకోవాల. జారితే మొద్దుబారినాయని, ఆకురాయి పట్టించండి.

అంతా అయినాక బ్లేడుని చేత్తో రెండు చుట్లు తిప్పండి, పూర్తిగా పైకెత్తి తిప్పండి, పూర్తిగా దించి తిప్పండి, 45 డిగ్రీలు వాల్చి తిప్పండి, ఎక్కడా లోహం లోహానికి తగిలే చప్పుడు రాకూడదు. అప్పుడు ప్లగ్గు పెట్టి, బ్లేడుకి ఎదురుగా కాకుండా ఎడమ పక్కకి జరిగి నిలబడి ఆన్ చేసి వినండి. మొదటి కోతకి ఎండిన తిన్నని చెక్క, గంటు (ముడి) లేనిది తీసుకోండి. రెక్క దాటేటప్పుడు చెక్క తోపుడు బరువు మారకూడదు. బరువెక్కితే బలం పెట్టొద్దు, ఆపేసి బ్లేడు ఆగినాక మళ్ళీ స్కేలు పెట్టండి.

ఇక అడ్డం వస్తాది అనే మాటలో నిజమున్న చోటు ఒకటుంది. ద్వారబంధాలకి, కిటికీ రెక్కలకి అంచు గాడి తియ్యాలంటే బ్లేడు చెక్క పైకి రాదు, లోపలే కోస్తాది, అప్పుడు రెక్క మీద కూర్చున్న మూత చెక్కకి అడ్డమే, తియ్యకుండా కుదరదు. తియ్యండి, కానీ మూత మాత్రమే తియ్యండి, బ్లేడు కంటే కిందుగా ఉండే రెక్క అట్టనే ఉంచొచ్చు. ఆ గాడి పని అయిపోగానే మూత మళ్ళీ పెట్టాల, రేపు పెడదాంలే అంటే అది మేకుకి పోయినట్టే. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం, మూత తీస్తే దాన్ని గైడు మీదే పెడతాం, గైడు జరపాలంటే దాన్ని చేత్తో తీసే తీరాల, మర్చిపోయేదానికి లేదు. సన్న పట్టీలు చీల్చేటప్పుడు కూడా మూతకీ గైడుకీ మధ్య చెయ్యి పట్టదు, దానికి మందు తోపుడు కర్ర, చెయ్యి అసలు అక్కడికి పోకూడదు. పాత ప్లైవుడ్ ముక్కని చెప్పు ఆకారంలో కోసి వెనక మడమ పెడితే సరిపోతాది.

చిన్న ముక్కల సంగతి వేరే. ఉదయగిరి చెక్క గరిటెలకి ఆ ఊరి పేరు మీద జీఐ గుర్తింపు కూడా ఉంది, ఆ పనిలో ముక్కలన్నీ జానెడు మూరెడే ఉంటాయి. అంత చిన్న ముక్కని టేబుల్ రంపం మీద ఉత్త చేత్తో పెట్టి కొయ్యకండి, రెక్క దాకా పోకముందే ముక్క తిరగబడతాది. పొడవు పలకగా ఉన్నప్పుడే చీల్చుకుని చివర్లో చేతి రంపంతో ముక్కలు చేసుకోవడమే మేలు.

అసలు భయం నాకు ఇంకొక చోట ఉంది. ప్లైవుడ్ షీటు కింద మార్బుల్ కట్టర్‌ని తలకిందులుగా బిగించి, ట్రిగ్గర్ లాక్ వేసి టేబుల్ రంపంలాగా వాడతారు కదా, ఇళ్ళ దగ్గర కబోర్డుల పని చేసే పిల్లలందరి దగ్గరా అదే. 110 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 13000 చుట్లు తిరిగితే పంటి వేగం గంటకి 270 కిలోమీటర్లు, పెద్ద మిషను కంటే ఎక్కువ. దానికి రెక్క పెట్టే చోటే లేదు, రాయి కోసేదానికి చేసింది అది. చేతి సర్కులర్ రంపాన్ని తిప్పి బిగించేవాళ్ళు దాని కింద గార్డుని బైండింగ్ వైరుతో వెనక్కి కట్టేస్తారు, అది ఇంకో రకం ప్రమాదం. మానెయ్యమని చెప్పడం నా బాధ్యత, కానీ డబ్బుల్లేక వాడే తమ్ముళ్ళకి కనీసం ఇది చెప్తా: బ్లేడు వెనక అదే వరసలో, బ్లేడు రేకు కంటే మందంగా, కోత కంటే సన్నగా ఉండే గట్టి చెక్క పట్టీనో ఉక్కు పట్టీనో షీటులో నిలువుగా దించి గట్టిగా నిలబెట్టండి, పల్చటి రేకు ముక్క మాత్రం వద్దు, అది వంగి బ్లేడు మీదే పడతాది. పైన పక్కనుంచి పైపు చెయ్యి ఒకటి తెచ్చి దానికి పాలికార్బొనేట్ ముక్క వేలాడదియ్యండి, గాజు వద్దు, పగిలే ప్లాస్టిక్ వద్దు. కాలితో నొక్కితేనో తడితేనో ఆగిపోయే స్విచ్ ఒకటి బయటికి పెట్టుకోండి. చేతి యాంగిల్ గ్రైండరుకి చెక్క బ్లేడు వేసి కోసేదానికి మాత్రం ఏ సర్దుబాటూ లేదు, అది చెయ్యకండి.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే తిరిగే ప్రమాదకర భాగాలకి గట్టి కంచె ఉండాలని రాశారు. మన సందుల్లో ఇద్దరు ముగ్గురు పనిచేసే షాపుల దాకా ఆ చట్టం రాలేదు, ఎవురూ వచ్చి తనిఖీ చెయ్యరు, కాబట్టి మేస్త్రీయే చూసుకోవాల, కొత్తగా పనికొచ్చిన పిల్లోడు మేస్త్రీ ఏం చేస్తే అదే చేస్తాడు. మెడలో తుండు తీసేసి, లుంగీ వదిలి ప్యాంటు వేసుకుని, చేతి గ్లౌజు లేకుండా నిలబడమని వాడికి మొదటి రోజే చెప్పండి, గ్లౌజు పంటికి చిక్కితే చేతిని లోపలికి లాగతాది.

జరగకూడదు గానీ వేలు తెగితే, మా వాళ్ళు ఆరోజు కంగారులో ఆ ముక్కని ఉత్త ఐసులో వేసి తీసుకుపోయారు, చర్మం, నరాలు గడ్డకట్టి చెడిపోయినాయి, అతికించేదానికి పనికిరాదన్నాడు డాక్టరు. ముక్కని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టాల, గుడ్డ పిండి వెయ్యాల, దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి గట్టిగా కట్టాల, ఆ కవర్ని ఐసు నీళ్ళున్న డబ్బాలో పెట్టాల, ఐసు ముక్కకి నేరుగా తగలకూడదు. గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి చెయ్యి పైకెత్తి పట్టుకుని 108కి ఫోను. ఈ నాలుగు మాటలు మా షాపులో స్విచ్ బోర్డు పక్కన పెయింటుతో రాయించాం.

దాని కిందనే మార్కర్‌తో ఇంకో లైను ఉంది, బ్లేడు మారిస్తే చెరిపి మళ్ళీ రాస్తాం: కోత 3.2, రేకు 2.2, రెక్క 2.8. సన్న కోత బ్లేడు ఇంకా సొరుగులో ఉంది, దానికి 2.2 రెక్క దొరికేదాకా వెయ్యనన్నాడు పెదనాయన.